అమ్మవారికి పోసిన పాలు

ఈ రోజు సాయంత్రం మా పాలామె రామలక్ష్మి ఒట్టి చేతులతో వచ్చింది. ఆవుకు పొదుగు వాచిందట. కోవిల్‌పట్టి పశువుల డాక్టరు నిన్న రాత్రి సూది వేసి, ఆదివారం దాకా ఆ పాలు ఎవరికీ అమ్మవద్దన్నాడట. మందు పాలలోకి దిగుతుందనీ, తాగినవాళ్ల ఒంట్లో క్రిములు దానికి అలవాటుపడితే రేపు జబ్బు చేసినప్పుడు అదే మందు పనిచేయదనీ చెప్పాడట. బేరం పోయినా మాట విన్నందుకు నాకు ముచ్చటేసింది.

"మరి పిండిన పాలు ఏం చేస్తున్నావు?" అని అడిగాను.

"ఊరికే పారబోసేకి మనసు రాలేదక్కా. పొద్దున అమ్మవారికి అబిసేకానికి ఇచ్చినా. ఆదివారం దాకా ఇస్తానని పూజారికి చెప్పినా. సామిని ఆ డాక్టరు ఏసిన ఊసి మందు ఏం చేస్తాది?"

అమ్మవారిని ఏమీ చేయదు, ఒప్పుకుంటాను. కానీ పొద్దున గుడిలో ఆ పాలే తీర్థమని పంచితే చేయి పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. బాగున్నాయని రెండోసారి కూడా పట్టాను.

రేపు శుక్రవారం, గుడి నిండుతుంది. అమ్మవారికి ఇస్తానన్న పాలను వద్దని చెప్పడం ఎలాగో, తెలిసినవాళ్లు ఈ రాత్రికే చెప్పండి.