అవు సారూ

నేను ఎస్సైగా పనిచేసిన రోజుల్లో కాశిబుగ్గలోని ఒక గోదాము తాళం తీసి ఎవరో జంపఖానాలు ఎత్తుకుపోయారు. యజమాని అనుమానం తన దగ్గర మగ్గం నేసే పెద్దమనిషి మీద పడింది. అతన్ని స్టేషన్‌కు తెచ్చి, చట్టం చెప్పమన్నదంతా చెప్పాను. బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు అరిచినట్టు చెప్పాను.

"నోరు విప్పకుండ ఉండే హక్కు నీకున్నది. వకీలును పెట్టుకోవచ్చు. సమజైందా?"

"అవు సారూ."

"వకీలు అక్కర్లేదు గదా?"

"అవు సారూ."

"తాళం తీసింది నువ్వే గదా?"

"అవు సారూ."

"మా సారు చెయ్యి ఎత్తకుండనే కక్కిస్తడు" అని కానిస్టేబుల్ నవ్వాడు. నాకూ గర్వంగానే అనిపించింది. ఇంకెవరినీ అడగలేదు. మర్నాడు రిమాండుకు కోర్టులో నిలబెట్టాం.

మేజిస్ట్రేటు అతన్నే అడిగారు. "పోలీసులు నిన్ను కొట్టిండ్రా?"

"అవు సారూ."

నేను అడ్డుపడ్డాను. "లేదు సర్, మేం ముట్టుకోనేలేదు. వాళ్లు అట్లనే అంటరు సర్. వింటున్న అని దానర్థం..."

అన్నాకే నా మాట నాకు వినిపించింది. మేజిస్ట్రేటు నా వైపు చూశారు.

"మరి నిన్న స్టేషన్‌ల అన్నప్పుడు దానర్థమేంది?"

దానర్థం నాకు తెలుసు. మా నాయనా నేతగాడే. షావుకారు తిట్టినా, బట్టలో తప్పులు పట్టి విసిరేసినా, చేతులు కట్టుకుని అదే మాట అనేవాడు. అది ఒప్పుకోవడం కాదు, భయం. ఆ ఇంట్లో పుట్టిన నేను 'వాళ్లు' అన్నాను.

మేజిస్ట్రేటు ఉచిత న్యాయసహాయ వకీలును పిలిపించారు. ఆమె అతన్ని పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"నేనేం అడగ కాకా. ఆ రాత్రి ఏమైందో నువ్వే చెప్పు."

అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆ రాత్రంతా దవాఖానలో భార్య మంచం పక్కనే ఉన్నాడట. నర్సు కూడా చూసిందట.

"మరి స్టేషన్‌ల ఎందుకు చెప్పకపోతివి?"

"సారు అది అడగలే బిడ్డా."

దవాఖానలో కనుక్కుంటే నిజమే అని తేలింది. మేజిస్ట్రేటు రిమాండు ఇవ్వకుండా అతన్ని ఇంటికి పంపించారు.

కోర్టు వరండాలో అతనికి ఎదురువెళ్లాను. యూనిఫాంలోనే ఉన్నాను.

"తప్పు నాదే కాకా. మాఫ్ చేస్తవా?"

అతను చేతులు కట్టుకుని తల వంచాడు.

"అవు సారూ."