ఆత్మకూరు జోడు రివాల్వర్లు

1955 ఎండాకాలం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. అక్కడ లైసెన్సు ఉన్న ఒక తుపాకుల దుకాణంలో నేను మేస్త్రీగా ఉండేవాణ్ణి. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆయుధాలు తెచ్చి మా దగ్గర అప్పగించేవారు. అది ఎక్కడి తయారీ, నంబరెంత, ఏ స్థితిలో ఉందో చూసి రిజిస్టరులో రాయడం నా పని.

ఒకరోజు ఆత్మకూరు నుంచి ఒక రైతు కుటుంబం వచ్చింది. తల్లి లక్ష్మమ్మ, పెద్దకొడుకు శివారెడ్డి, చిన్నకొడుకు నాగిరెడ్డి. తండ్రి పోయి నెల దాటింది. నల్లమలకు వేటకొచ్చిన దొర ఎవరో ఆయనకు జోడు రివాల్వర్లు బహుమానంగా ఇచ్చి వెళ్లాడట. కొడుకులకు చెరొకటి అని ఆయన ఎప్పుడో పంచేశాడు. గుడ్డసంచుల మీద పేర్లు కూడా ఆయనే రాశాడు.

పక్కపక్కన పెడితే రెండూ కవలల్లా ఉన్నాయి. ముందు శివారెడ్డిది విప్పాను. గొట్టం కింద ప్రూఫ్ మార్క్ ఉంది. మామూలు కంటే ఎక్కువ మందున్న తూటా కాల్చి, గొట్టం తట్టుకుందని తేలాక కొట్టే ముద్ర అది. నాగిరెడ్డి దానికీ ముద్ర ఉంది, కానీ అది చేత్తో చెక్కింది. కంపెనీ పేరులో ఒక ఇంగ్లీషు అక్షరం తిరగబడి ఉంది. తూటాలు పెట్టే సిలిండర్ లోపల ఆకురాయి గీతలు కనిపించాయి.

నేను భూతద్దం పట్టుకుని అలాగే చూస్తుంటే లక్ష్మమ్మ అడిగింది.

"రెండూ ఒకటే కదప్పా? అట్లే రాసుకో. బస్సుకు పొద్దవుతాంది."

ఆమె బతిమాలుతోందని నాకు తట్టలేదు. నా పనితనం చూపించుకోవాలన్న ఉబలాటంలో ఉన్నాను.

"ఒకటెట్లవుతాయమ్మా? పెద్దాయనది అసలు ఇంగ్లీషు సరుకు. చిన్నాయనది నాటుది. ఎవరో కమ్మరి అచ్చం అట్లే చేసినాడు. కాలిస్తే చెయ్యి పోతుంది."

నాగిరెడ్డి ముఖం పాలిపోయింది. "మా నాయనకు తెలుసునా ఈ సంగతి?"

"తెలియకుండా ఎట్లుంటుంది? ఎవరన్నా చేయించుకుంటేనే ఇంత పని చేస్తారు" అన్నాను. నాటుదని చెప్పి అక్కడితోనైనా ఆగాల్సింది నేను.

"అన్నకు అసలుది, నాకు దొంగదా!" అంటూ అతను తల్లి చేతిని విదిలించుకుని బయటికి వెళ్లిపోయాడు. లైసెన్సులో రాసిన ఆయుధం కాదు కాబట్టి ఆ రివాల్వరును పోలీసు స్టేషనుకు అప్పగించాం.

కొన్నాళ్లకు లక్ష్మమ్మ ఒక్కతే దుకాణానికి వచ్చింది. నాగిరెడ్డి ఇల్లు వదిలి ఎర్రగుంట్లలో లారీ పనికి కుదిరాడట. తను వెతుక్కుంటూ పోతే పలకరించనైనా లేదట.

"వాడు పాలు తాగే బిడ్డప్పుడు వానల్లేవు, ఇంట్లో గింజ లేదు. శానా జరమొచ్చి కండ్లు తేలేసినాడు. అప్పుడు ఆయన ఒక తుపాకీ ఎవరికో ఇచ్చి, జొన్నలూ మందులూ తెచ్చినాడు. వాని తుపాకీ వాని పాణానికే పోయిందప్పా. పెద్దోనికి ఉండాది, చిన్నోనికి లేదంటే వాడు చిన్నబోతాడని అట్లాంటిదే చేయించినాడు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్న్యాడు. ఇప్పుడు నేను చెప్తే కల్పిస్తాండానంటాడు. నువ్వు చెప్పప్పా."

మరునాడే ఎర్రగుంట్లకు వెళ్లాను. నాగిరెడ్డి లారీకి ఆనుకుని నిలబడి అంతా విన్నాడు.

"అది యాడుండాది ఇప్పుడు?"

అప్పటికే స్టేషన్లో దాన్ని సమ్మెటతో విరగ్గొట్టేశారు. ఆ మాటే చెప్పాను.

"నా కోసం చేయించింది కదన్నా అది" అన్నాడు.

తల్లిని చూడడానికి వెళ్లాడని తర్వాత తెలిసింది. అన్నదమ్ములు మాత్రం మునుపటిలా కలవలేదు.

ఆ తర్వాత కూడా నాటుదాన్ని నాటుదనే రాశాను. అబద్ధం ఎన్నడూ రాయలేదు. కానీ నోరు తెరిచే ముందు ఇంట్లో పెద్దవాళ్లను పక్కకు పిలిచి, "దీని సంగతి మీకేమన్నా తెలుసునా?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఆ రోజు అడిగి ఉంటే లక్ష్మమ్మ నాకు చెప్పి ఉండేదేమో.