కాడి ముందు కోటేశ్వరి, కాడి వెనక లింగరాజు

అరవై ప్రాంతాల్లో బర్మాలో ఏరు దాటి దలా రేవు దిగి పొలాల వైపు నడిచిన వాళ్లకి, వానాకాలం పొద్దున్న ఎప్పుడు వెళ్లినా ఒక జగడం వినబడేది. ఆడగొంతు ముందు, మగగొంతు వెనక. కొత్తవాళ్లు ఎవరో కొట్టుకు చస్తున్నారనుకుని గబగబా గట్టెక్కి చూసేవారు. మోకాలి లోతు నీళ్లలో దున్నల జత, ముందు ముకుతాళ్లు పట్టుకుని కోటేశ్వరి, వెనక నాగలి మేడి పట్టుకుని లింగరాజు. ఇద్దరూ తిడుతున్నది దున్నల్నే. "అయ్యో పాపం, నోరులేని జీవాలు" అనుకుని చూసినవాళ్లు పోయేవారు. దున్నలు మాత్రం హాయిగా నడిచేవి.

అసలు సంగతేమిటంటే వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలు. మాట్లాడుకోవడానికి వాళ్లకి వేరే దారి లేదు.

గంజాం నుంచి వచ్చిన ఆ కుటుంబంలో కోడలనేది అత్తగారి ఎదుట మొగుడితో మాట్లాడకూడదు. మొగుడూ అంతే, తల్లి వినేలా పెళ్లాన్ని పిలవకూడదు, పేరెత్తకూడదు. ఇల్లు పెద్దదైతే వసారాలో ఒక మాట, పెరట్లో ఒక మాట చెల్లిపోతుంది. వీళ్లదా, ఆకు కప్పిన ఒంటిగది! అందులో అత్తగారు అప్పలనరసమ్మ. పోనీ పొలంలోనైనా వదులుతుందా అంటే అదీ లేదు. పొద్దున్నే వెదురు గొడుగేసుకుని గట్టు మీద కూర్చునేది. చేతిలోది బర్మా చుట్టే గానీ కాల్చే తీరు మాత్రం మన వైపు ఆడవాళ్లది, నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ. నోట్లో నిప్పు పెట్టుకుని ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు? ఆవిడ మాట తక్కువ. అలా అని చూపు తక్కువ కాదు.

పిల్లలుంటే పిల్లల మీద పెట్టి మాట్లాడుకునేవాళ్లే, లోకంలో అందరూ చేసే పనే అది. వీళ్లకి పిల్లలు లేరు. దున్నలున్నాయి. ఎడమ వైపుది నల్లోడు, కుడి వైపుది ఎర్రోడు.

"ఒరే నల్లోడా, పొద్దుటి గంజిలో ఉప్పెక్కువైందని మీ అమ్మకి సెప్పరా," అని వెనక నుంచి లింగరాజు అనేవాడు.

"ఒరే ఎర్రోడా, మరి ఆ ఉప్పుగంజే గిన్నె గీకి గీకి తాగినోడెవుడో మీ అయ్యనడగరా," అని ముందు నుంచి కోటేశ్వరి అనేది.

ఆ మాటకి ఈ మాట, ఈ మాటకి ఆ మాట, మడి చివరికి వెళ్లి మలుపు తిరిగి వచ్చేదాకా అదే వరస. వాళ్ల సంసారమంతా ఆ దున్నల చెవుల్లోనే జరిగింది. "మీ అమ్మకి ఆ పచ్చపువ్వుల లుంగీ బాగుందిరోయ్" అని లింగరాజు నల్లోడితో అన్న రోజున కోటేశ్వరికి నవ్వు ఆగక తాడు జారిపోయి, ఎర్రోడు పక్కవాళ్ల నారుమడిలోకి దిగిపోయాడు. కడుపు పోయిన ఏడాది ఆమె తాళ్లు పట్టుకుని ఊరికే ఏడుస్తూ నడిచింది. "ఒరే, ఏడవొద్దనరా మీ అమ్మని. నాకూ ఏడుపొత్తందని సెప్పరా," అని వెనక నుంచి వినబడింది. ఆ రోజు దున్నింది సగం మడే. గట్టు మీద అత్తగారు ఎందుకనో ఏమీ అనలేదు.

ఎనిమిదేళ్లు ఇలా గడిచాయి. లింగరాజు మంచివాడే, కష్టజీవి, తాగుడూ లేదు. ఒకటే లోపం, తల్లి ముందూ అన్న ముందూ అతని నోట్లోంచి "సరే" తప్ప రెండో మాట రాదు. ఇంటికి నిచ్చెన వేయాలన్నా సరే, తీసేయాలన్నా సరే. కోటేశ్వరికి ఒళ్లు మండేది. మండితే ఎర్రోడికి చెప్పుకునేది.

అరవై నాలుగులో, నారు పోసే రోజుల్లో, లింగరాజు అన్న వీరన్న పడవెక్కి ఏటికి ఈవలికొచ్చాడు. అతను అవతలి ఒడ్డున పట్నంలో, లమ్మడా పేటలో ఒక బియ్యం గోదాములో మూటలు మోసేవాడు. సైనిక సర్కారు కొట్లన్నీ స్వాధీనం చేసుకున్నప్పుడు అదీ పోయింది.

"ఇంకేటుందిక్కడ?" అన్నాడు గుమ్మంలో చతికిలబడి. "ఓడలొత్తన్నాయి. మనోలంతా మన దేసం ఎలిపోతన్నారు. అమ్మా, నువ్వూ తమ్ముడోలూ కూడా పేర్లిచ్చేయండి. బారువ దగ్గర మన పెదనాన్నోలున్నారు, ఏదో సూసుకుంటారు."

అప్పలనరసమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. ముసలావిడ కళ్లలో అంత వెలుగు కోటేశ్వరి ఎప్పుడూ చూడలేదు. "బారువా..." అంది ఆవిడ. తర్వాత చిన్న కొడుకు వైపు తిరిగి, "ఎల్దామేట్రా?" అంది.

"సరేనమ్మా," అన్నాడు లింగరాజు.

పొయ్యి దగ్గర కూర్చున్న కోటేశ్వరి అంతా వింది. బారువ ఏ దిక్కునుందో ఆమెకి తెలియదు. ఆమె పుట్టింది దలాలో, పెరిగింది దలాలో. తల్లిని కాల్చింది కాలవ ఒడ్డున, కడుపులో పోయిన బిడ్డని పాతింది పెరటి అరటి మొదట్లో. బర్మా మాటలో బేరమాడుతుంది, తెలుగులో తిడుతుంది, ఈ బురదలో ఎక్కడ కాలు దిగబడుతుందో కళ్లు మూసుకుని చెబుతుంది. ఆ ఊళ్లో ఏం చేస్తుంది తను? ఎవరితో అంటుంది ఈ మాట? గదిలో అత్తగారుంది, బావగారున్నాడు. నోరు నొక్కుకుని పొయ్యి ఊదింది. పొలంలో దున్నలతో చెప్పుకుందామనుకుని ఆ రాత్రంతా ఓర్చుకుంది.

మర్నాడు లేచేసరికి దున్నల్ని అమ్మేశారు.

ట్వంటే వైపు ఒక పల్లె నుంచి ఊ టున్ లా అనే ఆసామి వచ్చి తోలుకుపోయాడు. వానలు పడుతున్నాయి, అందరికీ దున్నలు కావాలి, ఓడెక్కేవాళ్లకి అక్కర్లేదు. బేరం పొద్దెక్కకుండానే అయిపోయింది. ఖాళీ కొట్టం ముందు నిలబడి కోటేశ్వరి పుట్టెడు దుఃఖం మింగింది. దున్నలు పోయాయన్నది ఒక ఏడుపు. ఇక మొగుడితో మాట్లాడే దారి కూడా పోయిందన్నది అసలు ఏడుపు. ఓడ వచ్చేలోగా "నేను రాను" అని అతనికెలా చెప్పాలి?

రోజులు గడిచాయి. మూటలు కడుతున్నారు. ఇంతలో పడవ నడిపే కన్నయ్య కబురు తెచ్చాడు.

"లింగరాజూ, నీ దున్నలు అక్కడ సమ్మె కట్టాయిరా బాబూ! కాడి కట్టగానే బురదలో కూకుంటన్నాయట. కొట్టినా నెగవట. ఊ టున్ లా లబోదిబోమంటన్నాడు. ఆళ్ల మఠం సాములోరు, పొంజీ గారి సేత కొమ్ములకి దారం కూడా కట్టించేడట. నువ్వొచ్చి సూపించకపోతే బేరం ఎనక్కి అంటన్నాడు."

బేరం వెనక్కంటే ప్రయాణమే వెనక్కి. లింగరాజు లేచాడు. గుమ్మం దాటి ఆగి, తల్లి వైపు చూసి నసిగాడు. "అమ్మా, ముందర తాడట్టుకోడానికి... మనిసి కావాల."

అప్పలనరసమ్మ కోడలి వైపు ఒక్క చూపు చూసి, చుట్టతోనే తలూపింది.

కాలవ పడవలో ఇద్దరూ చెరో కొసకి కూర్చున్నారు. ఎనిమిదేళ్లలో అత్తగారు లేకుండా వాళ్లు ఎక్కడికైనా వెళ్లడం అదే మొదలు. మాట్లాడుకుంటే వద్దనేవాడు లేడు. అయినా ఒక్క మాట పెగిలితే ఒట్టు! అతను తెడ్డు వైపు చూశాడు, ఆమె ఒడ్డున ఆరబెట్టిన కుండల వైపు చూసింది. అలవాటు అంత పాడుది.

ఊ టున్ లా పొలం గట్టు మీద ఊరంతా ఉంది. నల్లోడూ ఎర్రోడూ బురదలో మహారాజుల్లా పడుకున్నారు. కోటేశ్వరిని చూసి మోరలెత్తారు గానీ లేవలేదు. లింగరాజు మేడి పట్టుకుని "హై హై" అన్నాడు. కదల్లేదు. టున్ లా భార్య డా మ్యా ముందుకెళ్లి తాడు లాగింది. కదల్లేదు.

కోటేశ్వరి లుంగీ ఎగదోపుకుని దిగి డా మ్యా చేతిలోంచి తాళ్లందుకుంది. "ఒరే ఎర్రోడా, ఏటిరా ఈ ఏసాలు?" అంది. ఎర్రోడు లేచాడు. వెనక నుంచి లింగరాజు, "నల్లోడా, పరువు తియ్యకురా," అన్నాడు. నల్లోడూ లేచాడు. నాలుగడుగులు వేసి రెండూ మళ్లీ ఆగిపోయాయి.

అప్పుడు తట్టింది కోటేశ్వరికి. మాట ఆగితే ఇవి ఆగుతాయి! ఓరి భగవంతుడా, ముందో గొంతూ వెనకో గొంతూ కలిసి పోట్లాడుకుంటేనే నడవాలని వీటికి చిన్నప్పటి నుంచీ తామే నేర్పారు. ఊరందరి దున్నలకీ అదిలిస్తే చాలు, తమ దున్నలకి సంసారం కావాలి!

నవ్వొచ్చింది ఆమెకి. నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. గట్టు మీద ఇంతమంది ఉన్నా తెలుగు ముక్క తెలిసినవాడు లేడు. అత్తగారి గొడుగు లేదు.

"ఒరే ఎర్రోడా," అంది గొంతెత్తి. "మీ అయ్యకి సెప్పరా. నాను ఓడెక్కను. నాను ఎల్లనంటే ఎల్లను!"

వెనక మేడి ఒక్క క్షణం వంకర పోయింది. "నల్లోడా, అమ్మ ఆశ పడతందిరా. ఏటి సెయ్యమంటదో మీ అమ్మనే అడగరా."

"అమ్మని పంపమనరా! ఆవిడ ఊరు ఆవిడకి కావాల. నా ఊరు నాకొద్దేటి? అరిటిసెట్టు కింద నా బిడ్డుంది. దాన్నొగ్గేసి ఎల్లమంటే ఎలాగెల్తానురా?"

"అన్న తిడతాడురా..."

"తిట్టనీ! తిడితే సచ్చిపోతాడేటి? ఎనిమిదేళ్ల నుంచి సరే సరే అంటన్నాడు. నా కోసం ఒక్కపాలి 'కాదు' అనమనరా ఎర్రోడా, కాళ్లట్టుకుంటాను, ఒక్కపాలి!"

దున్నలు ఉరకలేస్తున్నాయి. చాలు మీద చాలు పడుతోంది. గట్టు మీద ఊ టున్ లా ఆనందానికి పట్టపగ్గాల్లేవు, డా మ్యా అయితే పెదాలు కదుపుతూ ఆ అరుపులన్నీ దున్నల్ని నడిపే కేకలనుకుని బట్టీ పడుతోంది. తర్వాత చాలా ఏళ్లు ఆ పల్లెలో ఒక బర్మా ఇల్లాలు కాడి ముందు నడుస్తూ "నాను ఎల్లనూ, ఎల్లనూ" అని రాగం తీసేది. కాలవ మీద పోయే మన పడవవాళ్లు విని అదిరిపడేవాళ్లు.

మడి మధ్యలో ఉన్నట్టుండి వెనక గొంతు ఆగింది. దున్నలు ఆగాయి. కోటేశ్వరి తిరిగి చూస్తే మేడి వదిలేసి, బురదలో కాళ్లీడ్చుకుంటూ, దున్నల పక్క నుంచి లింగరాజు ముందుకి వస్తున్నాడు. వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ముఖం నిండా చెమటో, వానో, మరొకటో.

"కోటేశ్వరీ," అన్నాడు. పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఎల్లొద్దు. ఉండిపోదాం. అమ్మకి నాను సెప్తాను."

ఆమె తాళ్లు వదిలేసింది. దున్నలు సుఖంగా బురదలో కూర్చున్నాయి.

దున్నల్ని టున్ లా దగ్గరే ఉంచారు, అమ్మిన సొమ్ము తల్లి చేతికివ్వాలి కదా. అయితే తన నాట్లయ్యాక ఏటేటా జతని దలా తోలుకొస్తానని అతను మాటిచ్చాడు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా.

ఇంటికొచ్చి లింగరాజు గుమ్మంలోనే అన్నాడు, కూర్చుంటే ధైర్యం జారిపోతుందని కాబోలు. "అమ్మా, మేం రాం. కోటేశ్వరికి ఇష్టం నేదు. నాకూ నేదు."

వీరన్న అంతెత్తు లేచాడు. "పెళ్లాం మాటిని అమ్మనొగ్గేస్తావట్రా?" అని ఊరు వినేలా అరిచాడు. లింగరాజు తల దించుకున్నాడు గానీ "సరే" అనలేదు. అప్పలనరసమ్మ పొగ పీల్చుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత రోజూ అంతే, మంచీ లేదు చెడ్డా లేదు. తిట్టినా బాగుండుననిపించింది కోటేశ్వరికి. తల్లీ బిడ్డల్ని విడదీసిన పాపిష్టిదాన్నని లోపల్లోపలే కుమిలింది.

ఓడ రోజు అందరూ ఏరు దాటి రేవుకి వెళ్లారు. వీరన్న కుటుంబం మూటలతో ముందు పోయింది, లింగరాజు తల్లి మూట మోసుకుంటూ వాళ్ల వెనక. అప్పలనరసమ్మ ఆగి, చుట్ట నోట్లోంచి తీసి కింద పారేసింది.

"ఓలమ్మీ, ఇలగ రా," అంది. కోటేశ్వరి దగ్గరకెళ్లి కాళ్ల మీద పడబోయింది. ముసలావిడ రెక్క పట్టుకుని లేపింది.

"ఎనిమిదేళ్లు గట్టు మీద కూకున్నాను. నాకు సెవుడనుకున్నారేటి ఇద్దరూ? మీ సంసారమంతా ఇన్నాను. నవ్వొచ్చినప్పుడల్లా నోట్లో నిప్పెట్టుకుని ఆపుకుంటే నాలిక్కాలి సచ్చేను."

కోటేశ్వరికి సిగ్గుతో భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"నన్నీ దేసం ఓడెక్కించినప్పుడు నాను గుంటని," అంది అప్పలనరసమ్మ. "వత్తావా అని ఎవులూ అడగనేదు. నాను రానని సెప్పుకోడానికి నాకో దున్నైనా నేదే అమ్మా. ఇయ్యాల ఎల్తన్నాను. నువ్వుండు. ఆడు మంచోడు, మాట నేర్పు ఆడికి."

కోడలి బుగ్గలు రెండు చేతులా నిమిరి, వెనక్కి చూడకుండా కొడుకుల వైపు నడిచిపోయింది.

తిరుగు పడవలో లింగరాజు పక్కనే వచ్చి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ చుట్టూ చూశాడు, ఎవరి మీద పెట్టి మాట్లాడదామా అని. తమవాళ్లెవరూ లేరు.

"అమ్మ నీతో ఏటంది?" అన్నాడు.

కోటేశ్వరి చెప్పబోయింది. పడవ నిండా జనం చూస్తుండగానే అతని భుజం మీద తల వాల్చేసి, "పాపం, ఆవిడికి దున్న నేదంట," అని ఏడ్చింది.