బోర్లించిన గ్లాసు

ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకు అక్క టీ తాగి, స్టీలు గ్లాసు కడిగి, తడి సరిగ్గా తుడవకుండానే కిటికీ పక్క రాతబల్ల మీద బోర్లించింది. ఫోను బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేసింది. ఎదురుగా ఆ రోజు చీటీ. అందులో మూడు పనులు: కరెంటు ఆఫీసుకు ఉత్తరం, పాత రసీదులు చింపడం, కళ్ళజోడు బాగుచేయించడం. ఉత్తరం రాసి, కవరు అంటించి, మొదటి పని కొట్టేసింది.

"పది నిమిషాలు నడుం వాల్చి వస్తా" అంది బావతో.

గ్లాసు ఇంకా బోర్లించే ఉంది కదా, పలకరిస్తే అక్షింతలు తప్పవని బావ పన్నెండు దాకా ఆ గది వైపు వెళ్ళలేదు. వెళ్ళి పిలిస్తే అక్క పలకలేదు.

కబురందగానే చెల్లెలు కుడుతున్న బట్ట మిషను మీదే వదిలేసి వచ్చింది. వచ్చేపోయే జనంతో ఇల్లు నిండిపోయింది. కుర్చీలు జరిగాయి, మంచం గది మారింది. రాతబల్ల మీది గ్లాసును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోకూడదని ఎవరూ చెప్పలేదు. అది ఆ ఇంటి అలవాటు, అంతే.

ఆ గ్లాసు పుట్టుక చెల్లెలికి బాగా తెలుసు. చిన్నప్పుడు కథ చెప్పమని పేచీ పెడితే అక్క రాజులూ రాణులూ లేకుండా ఇదే చెప్పేది.

అక్కకు ఇరవై మూడేళ్ళప్పుడు నీళ్ళ శాఖ ఫిర్యాదుల గదిలో ఉద్యోగమొచ్చింది. ఇరుకు గది. గోడ నిండా ఊరి పైపుల పటం, నాలుగు నిమిషాలు వెనక నడిచే గడియారం, మూడు ఫోన్లు. ఉత్సాహం ఎక్కువై ఒక వేసవిలో రెండు చెవులకూ చెరో రిసీవరు పెట్టుకుంది. ఈ చెవిలో విన్న వీధి పేరు కింద ఆ చెవిలో విన్న ఇంటి నంబరు రాసింది. పనివాళ్ళు గునపాలతో వెళ్ళి నిక్షేపంగా ఉన్న రోడ్డును ఒక మంగలి షాపు గుమ్మం ముందు నడుం లోతు తవ్వారు. అక్కడ పైపు చుక్క కారడం లేదు. పైపు పగిలిన అసలు వీధిలో మాత్రం సాయంత్రం దాకా నీళ్ళు ఏరులై పారాయి.

ఆ మంగలి ఆ తరవాత పదేళ్ళు అక్కను వదల్లేదు. దారిలో కనిపిస్తే చాలు, "ఏమ్మా, మా గుమ్మం మళ్ళీ ఎప్పుడు తవ్విస్తున్నారు? ముందే చెబితే కుర్చీలు లోపల వేసుకుంటాం" అనేవాడు.

మర్నాటి నుంచి అక్క బల్ల మీదికి గ్లాసు వచ్చింది. అది బోర్లించి ఉందంటే ఒకరి ఫిర్యాదు నడుస్తోందని అర్థం. వినాలి, రాయాలి, రాసింది తిరిగి చదివి వినిపించాలి, పనివాళ్ళ చేతికివ్వాలి. అది పూర్తయ్యేదాకా రెండో ఫోను ముట్టదు, పక్కవాళ్ళతో మాట్లాడదు, పై అధికారి వచ్చినా తలెత్తదు. "మోగే ఫోను పగిలిపోదండీ, పగిలిన పైపు సంగతే ముందు చూడాలి" అనేది. అధికారి మొదట్లో చిందులు తొక్కాడు. అక్క రాసిన చీటీ పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ ఎప్పుడూ తప్పు వీధి తవ్వలేదని గమనించాక ఆ గ్లాసు ఎత్తి ఉందో లేదో చూసి మరీ పలకరించడం నేర్చుకున్నాడు.

రిటైరైన రోజున ఆ గ్లాసును కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. అప్పటికి ఇంట్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. చుట్టాల గ్రూపులో రోజుకు నూటయాభై సందేశాలు. అక్క డబ్బా మూత నాలుగింటికి ఒక్కసారి తీసేది. అన్నీ చదివేది, ఎవరైనా ఏదైనా అడిగితేనే బదులిచ్చేది.

"అంత మంచి పువ్వుల బొమ్మ పంపితే ఉలుకూ పలుకూ లేదేమే అక్కా?"

"అందులో ప్రశ్న ఎక్కడుందే? పోస్టుమాన్ రోజుకు రెండుసార్లే వచ్చేవాడు, మధ్యలో మన బతుకు మనం బతికాం. దీనికి వేళాపాళా ఉందా?"

చెల్లెలు తన కుట్టు దుకాణంలో రోజూ పొద్దున్నే మూడు పనులు రాసుకోవడం అక్కను చూసే నేర్చుకుంది. నాలుగోది వచ్చి పడితే మూడింట్లో ఒకదాన్ని కొట్టేయాలి, కొట్టేయబుద్ధి కాకపోతే నాలుగోదానికి కుదరదని చెప్పాలి. ఆ ఒక్క పద్ధతితోనే దుకాణం నిలబడింది. ఆ మాట అందరితోనూ అనేది. ఆ గ్లాసంటే తనకెందుకు ఒళ్ళు మంటో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. పక్క ఊళ్ళో మ్యాపులు గీయడం నేర్పే ఏడాదిన్నర కోర్సు ఉందని తెలిసి చెల్లెలు దరఖాస్తు నింపింది. ఆఖరి గడువు ఆ రోజు సాయంత్రం ఐదు. ఆడపిల్ల ఒక్కతే వేరే ఊళ్ళో ఉండటానికి నాన్న ససేమిరా అన్నాడు. అక్క ఒక్క మాటంటే కాదనడు. కవరు పట్టుకుని మూడింటికి అక్క ఆఫీసుకు వెళ్ళింది. సరిగ్గా ఆ రోజే ఊరి పెద్ద పైపు పగిలింది. మూడు ఫోన్లూ ఊపిరాడకుండా మోగుతున్నాయి. గ్లాసు బోర్లించి ఉంది. అక్క తలొంచుకుని రాస్తోంది.

చెల్లెలు గుమ్మంలో ఇరవై నిమిషాలు నిలబడింది. అక్క తలెత్తలేదు. పిలిస్తే సరిపోయేదేమో! పిలవలేదు. నేనొచ్చానని తనే చూడాలి అనుకుంది. చూడకపోయేసరికి వెనక్కి తిరిగింది. కవరు అలాగే ఉండిపోయింది. మరుసటి నెల కుట్టుపనిలో చేరింది. బాధపడుతూ బతికిందని కాదు, మంచి పేరే తెచ్చుకుంది. కానీ బస్టాండులో ఊరి మ్యాపు ఉన్న గోడ వస్తే చూపు పక్కకు తిప్పుకునేది.

తరవాతి ఏళ్ళలో అక్క ఎన్నిసార్లో మాట మొదలుపెట్టింది.

"ఒసేయ్, నిన్నొకటి అడగాలే."

"ఇవాళ్టి చీటీలో రాసుకున్నావా? మూడింట్లో నేనెన్నోదాన్ని?"

"దీని నోరు చూడు!" అని అక్క నవ్వేసేది. మాట అక్కడితో తెగిపోయేది. అలా తెంచినప్పుడల్లా చెల్లెలికి లోపలెక్కడో తృప్తిగా ఉండేది.

అక్క పోయిన రెండో వారం, ఆమెతో పాతికేళ్ళు పక్క సీట్లో పనిచేసినావిడ చేతికర్రతో వచ్చింది. ఆఫీసులో ఆవిణ్ణి అందరూ 'రెండో ఫోను' అనేవాళ్ళు. కూర్చుని, కళ్ళు తుడుచుకుని, రాతబల్ల వైపు చూసింది.

"ఇంకా ఎత్తలేదా? మరి కింద చీటీ?"

"చీటీ ఏంటండీ?" అంది చెల్లెలు.

"అదేంటమ్మా, తెలీదా? పని మధ్యలో మనసు ఇంకో దానిమీదికి లాగితే, అదేంటో ఓ ముక్క మీద రాసి గ్లాసు కింద పెట్టేది. ఇక అది ఎక్కడికీ పోదు, పని చూసుకోవచ్చు అనేది. సాయంత్రం గ్లాసెత్తి దాని పని పట్టేది. ఆ రోజు అవకపోతే మర్నాడు మళ్ళీ గ్లాసు కిందికే."

"నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంది, నేనెత్తి చూస్తే ఒట్టు" అన్నాడు బావ. "నువ్వు తియ్యమ్మా."

చెల్లెలు గ్లాసెత్తింది. అరచేతిలో సగమంత పసుపు కాగితం, బట్టలా మెత్తబడిపోయింది. దాని మీద గ్లాసు అంచు తడి మరకలు ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిసిపోయాయి. మధ్యలో అక్క నిటారు అక్షరాలు.

'చెల్లి మూడింటికి వచ్చి వెళ్ళిపోయిందట. ఎందుకొచ్చిందో అడగాలి.'

"నేనే చెప్పాను, ఆ రోజు ఫోన్లు ఆగాక" అంది రెండో ఫోను. "తనని ఎందుకు పిలవలేదని నన్ను చెడామడా తిట్టింది."

ఆవిడ కాగితం అందుకుని వెనక్కి తిప్పింది. వెనకవైపు ఫిర్యాదు ఫారం అచ్చు, సగం చెరిగిపోయి ఉంది.

"మా పాత పసుపు ఫారమే ఇది" అంది. "పెద్ద పైపు పగిలిన మరుసటి ఏడాదే కంప్యూటర్లొచ్చాయి. తరవాత ఈ కాగితం మళ్ళీ రాలేదు."