ఫిల్మ్ నగర్ గల్లీలో చప్పుడు కొలిచిన రోజు

మా అమ్మాయి గ్రేస్ డిగ్రీ ఆఖరు సంవత్సరం, జాగ్రఫీ. మధురానగర్ నుంచి ఫిల్మ్ నగర్ దాకా ఎక్కడ ఎంత చప్పుడు ఉందో కొలిచి ప్రాజెక్టు చేసింది. రంగుల గ్రాఫుతో ఇస్తే లెక్చరర్ గారు వెనక్కి పంపారు. "గ్రాఫు బాగుంది. ఈ గ్రాఫే ఎందుకు? దీని బలమేంటి, బలహీనతేంటి?" అని కింద రాశారు. సోమవారానికి సరిచేసి ఇవ్వకపోతే ప్రాజెక్టు మార్కులు లేవు, అవి లేకపోతే ఎమ్మే సీటు మీద ఆశ లేదు. ఆదివారం మాకు చర్చి. మిగిలింది శనివారం ఒక్కటే. "ఆ ఎత్తుపల్లాల్లో పిల్ల ఒక్కతే ఎలా తిరుగుతుంది, మీరూ వెళ్ళండి" అంది మా ఆవిడ. మా ఊరి బళ్ళో నేను చూసిన ఒకే ఒక్క గ్రాఫు గోడమీది పగులు. ప్రతి వానాకాలం అది పైకే పెరిగేది. ఆ అర్హతతో బయలుదేరాను.

మీ పిల్లలకూ ఇలాంటి పని పడితే దారి సులువే. వెంగళరావు నగర్‌లో మా ఇంటి నుంచి మధురానగర్ మెట్రోకి కాసేపు నడక. అక్కణ్ణించి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా మెట్రో, తర్వాత ఆటో. పొద్దున ఎనిమిదింటికి బయలుదేరితే ఎండ ముదరకముందే పని మొదలవుతుంది. రైల్లో కూర్చున్నాక నా పరిజ్ఞానం బయటపెట్టాను.

"పోయినసారి ఏం గ్రాఫు వేశావు తల్లీ?"

"లైన్ గ్రాఫు డాడీ. ఒక్కో చోట ఒక్క రీడింగు తీసుకుని, చుక్కలు పెట్టి కలిపేశా."

"కలిపితే తప్పేంటి?"

"రెండు చుక్కల మధ్య మనం ఆగనేలేదు కదా. అక్కడెంత చప్పుడుందో గీత సొంతంగా కల్పించి చెప్పేస్తుంది."

"మన పెద్ద బాబాయిలాగా."

ఎదురు సీటాయన ఫోన్లోంచి తలెత్తకుండానే నవ్వాడు. నేను ఇంకో మెట్టు ఎక్కాను. "పోనీ, గుండ్రంగా దోసెను కోసినట్టు వేస్తారే, అదెయ్యి."

"పై చార్టా? అది ఒక మొత్తంలో ఎవరి వాటా ఎంతో చెప్పడానికి. చెక్‌పోస్టు హారన్లూ మన వీధి కుక్కలూ కలిపితే ఏం మొత్తమవుతుంది డాడీ?"

చివరికి బార్ గ్రాఫు ఖాయం చేసింది. ఏ చోటికి ఆ చోటు విడిగా ఒక కడ్డీలా నిలబడుతుంది, పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఈసారి ప్రతిచోటా చాలా రీడింగులు తీసి సగటు వేస్తానంది. చెక్‌పోస్టు దగ్గర ఫోన్లో చప్పుడు కొలిచే మీటరు తెరిస్తే అంకెలు పరుగులు పెట్టాయి. ఆటో మాట్లాడితే నూట ఇరవై అన్నాడు, వంద దగ్గర తెగింది.

"షూటింగ్ సూడనీకి వోతున్నరా సార్?" అన్నాడు డ్రైవర్.

"లేదు బాబూ, చప్పుడు కొలవడానికి."

అద్దంలోంచి నన్ను ఒకసారి, గ్రేస్‌ని ఒకసారి చూశాడు. "నా ఆటో సప్పుడు గూడ రాస్కోండ్రి. దానికి కిరాయి తీస్కోను."

ఫిల్మ్ నగర్‌లో ఒక పెద్ద బంగళా వెనక గల్లీ ముందు దిగాం. రాళ్ళ గుట్ట మీదికి ఎక్కే ఇరుకు గల్లీ, రెండు వైపులా చిన్న చిన్న ఇళ్ళు. ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతోంది. కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు బిందెల గురించి పోట్లాడుకుంటున్నారు. ఇస్త్రీ బండి దగ్గర ఒకావిడ చొక్కా మీద నీళ్ళు చల్లుతోంది. గ్రేస్ ఫోను పట్టుకుని నిలబడింది.

ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగిపోవడం. మిక్సీ ఆగింది. పోట్లాడే ఆవిడ సగం తిట్టు దగ్గర నోరు మూసేసింది. ఇస్త్రీ ఆవిడ పెట్టెను బట్టమీదికి దించబోయి గాల్లోనే ఆపేసింది. బొగ్గుల నుంచి సన్నగా పొగ లేస్తోంది. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. నాకు చెవులు పోయాయేమోనని చొక్కా గుండీ గోటితో గీరి చూసుకున్నాను. వినపడింది. దాంతో ఇంకా భయమేసింది. గ్రేస్ ఫోన్లో అంకె మెట్లు దిగినట్టు దిగి అక్కడే ఉండిపోయింది. పైన ఎండ తెల్లగా కాస్తూనే ఉంది.

అప్పుడు గుట్ట మీంచి మూడేళ్ళ పాప పరుగెత్తుకుంటూ వచ్చి, కంకర మీద బోర్లా పడింది. రెండు మోకాళ్ళూ చీరుకుపోయాయి. లేచి కూర్చుంది, ముఖం ముడుచుకుంది, నోరు తెరిచింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. గొంతు మాత్రం లేదు. ఇస్త్రీ ఆవిడ కళ్ళు పాప వైపు కదిలాయి. చెయ్యి కదల్లేదు.

గ్రేస్ ఫోను నా చేతిలో పెట్టి, చెప్పులు వదిలేసి అడుగు ముందుకేసింది. బంగళా వెనక గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు. మా పిల్ల ఆగలేదు. పాపను ఎత్తుకుని ఏదో అనబోయింది. పాప తన చిన్న అరచేతిని గ్రేస్ నోటికి అడ్డం పెట్టింది. ఏడుస్తూనే పెట్టింది.

గేటు మీద ఎర్ర లైటు ఒకటుందని, అది ఆరిపోయినప్పుడే నాకు తెలిసింది. మిక్సీ మొదలైంది, తిట్టులో మిగిలిన సగం బయటికొచ్చింది. పాప ఏడుపూ వచ్చింది. సగంలోంచి కాదు, ఇప్పుడే పడినట్టు మొదటి నుంచి ఏడ్చింది.

"ఏమనుకోకండి సార్" అంటూ గేటు మనిషి పరుగున వచ్చాడు. "లోపల లైవ్ సౌండుతో షూటింగండీ. చప్పుడైతే మళ్ళీ మొదటికి. ఈ గల్లీ వాళ్ళు బంగారమండీ, లైటు వెలిగితే చాలు, చెప్పక్కర్లేదు."

ఇస్త్రీ ఆవిడ కొంగు తడిపి పాప మోకాళ్ళు తుడుస్తోంది. ఆవిడ కూతురేనట. "ఎవ్వరు నేర్పలే అన్నా. పాలు తాగేటప్పటిసంది సూస్తున్నది గద" అంది. గొంతు తగ్గించి, "మొన్న చెక్‌పోస్టు సిగ్నల్ కాడ గూడ గిట్లనే చేసింది. ఎర్రలైటు పడంగనే మాట బంద్. పచ్చది పడ్డంక ఫిర్ షురూ. జర ఫికరైతున్నది."

గ్రేస్ వదిలేసిన చెప్పులు తెచ్చి దాని ముందు పెట్టాను. జోకు ఒక్కటీ రాలేదు.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. లైటు మళ్ళీ మళ్ళీ వెలిగింది, ఆరింది. నీడలో కూర్చుని గ్రేస్ సగటు తీస్తే ఆ గల్లీ మా వీధి లాగే వచ్చింది. మామూలు గల్లీ. ఒకడి ఉపవాసమూ విందూ కలిపి సగటు తీసి, రోజూ కడుపునిండా తింటున్నాడన్నట్టుంది. కడ్డీ కొట్టేసి ప్రతి రీడింగునీ ఒక చుక్కగా పెట్టింది. చుక్కలు పైన ఒక గుంపు, కింద ఒక గుంపు; మధ్యలో ఖాళీ. నిజం కనిపించింది గానీ, ఏది ముందో ఏది వెనకో చుక్కలు చెప్పవు. అందుకని ఆ గల్లీ ఒక్కదానికి, సమయం వెంట లైన్ గ్రాఫు గీసింది. ఒకే చోట నిలబడి వరసగా కొలిచినప్పుడు గీత కల్పించేది తక్కువట. గీత నిట్టనిలువునా పడింది, నేల మీద పాకింది, పాప గొంతు దగ్గర అన్నిటికంటే పైకి లేచింది.

"ఈ గల్లీ వదిలెయ్యి తల్లీ. సార్ మళ్ళీ వెనక్కి పంపుతారేమో" అన్నాను.

గీత నేల మీద పాకిన చోట గ్రేస్ బాణం గుర్తు పెట్టి, కింద ఒక్క వాక్యం రాసింది: "ఇక్కడ ఒక పాప ఏడుస్తోంది."

సోమవారం లెక్చరర్ గారు ఆ వాక్యం దగ్గర పెన్ను ఆపారట. "ఇది డేటా కాదు కదమ్మా" అన్నారట. "కాదు సార్. మీరు అడిగిన బలహీనత" అందట మా పిల్ల. ఆయన ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టారట. గ్రాఫుల మీద నాకిప్పుడు కోపం లేదు, అవి విన్నంత వరకు చెబుతాయి. కానీ పేపర్లో ఎక్కడైనా గీత చదునుగా కనిపిస్తే కాసేపు పేజీ తిప్పలేకపోతున్నాను. అక్కడ ఎవరు నోరు తెరిచి ఉన్నారో అనిపిస్తుంది. మీరు వెళ్ళేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఇద్దరు వెళ్ళండి. ఒకరు మీటరు చూడాలి, ఒకరు మనుషుల్ని చూడాలి.