పంచె కట్టిన రాణివేషం

మదనపల్లెలో నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో, కొన్నేళ్ల కిందట పిల్లలతో ఒక నాటకం వేయించాను. నాలుగు వందల ఏళ్ల కిందట ఐరోపాలో జనం ఎగబడి చూసిన హాస్యనాటకాల కోవలోది. ఓడ మునిగి అన్నాచెల్లెళ్లు విడిపోతారు. చెల్లెలు మగవేషంలో పరాయి ఊరి ప్రభువు దగ్గర కొలువుకు చేరుతుంది. ఆమెను మగవాడే అనుకుని ఆ ప్రభువు కూతురు మనసు పడుతుంది. చివరికి అన్న బతికి వస్తాడు, చిక్కు విడుతుంది.

మొదట దాన్ని నేను మంచి గ్రాంథికపు మాటల్లోకి తెచ్చాను. పిల్లలు అప్పజెప్పినట్టు చదివారు. చెల్లెలి వేషానికి తంబళ్లపల్లె పక్క పల్లె అమ్మాయిని తీసుకున్నాను. తుఫాను దృశ్యం దగ్గర ఆమె ఆగిపోయింది.

"మేడమ్, సముద్రం నేను సినిమాలో తప్ప సూడలే. మా ఊర్లో బోరు ఎండిపోతే ఏడుస్తారు గాని, నీళ్లు ఎక్కువైనాయని ఎవురేడుస్తారు?"

పిల్లలంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజే కాగితాలు పక్కన పెట్టి అందరం కింద కూర్చున్నాం. ఓడ పోయి రైలు వచ్చింది. అన్న కుప్పం స్టేషనులో నీళ్లు పట్టుకోవడానికి దిగుతాడు, రైలు కదిలిపోతుంది. ప్రభువు మదనపల్లె టమోటా మండీ యజమాని అయ్యాడు. చెల్లెలు ఆ మండీలో లెక్కలు రాసే కుర్రాడిగా చేరుతుంది. యజమాని ఇంట్లో పెత్తనమంతా ఆయన అక్కది. వచ్చింది ఆడపిల్ల అని అందరికంటే ముందు కనిపెట్టేది ఆ అక్కే.

యజమాని వేషానికి వయసున్న మనిషి కావాల్సివచ్చింది. పుంగనూరులో ఒకాయన ఉన్నాడని పిల్లలు చెప్పారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. తిరునాళ్ల వీధినాటకాల్లో పేరున్న నటుడు. నేను వెళ్లేసరికి ఇంటి ముందు ఆవు పాలు పితుకుతున్నాడు. సంగతి చెబితే చెంబు పక్కన పెట్టాడు.

"ఆడవేషమే గదా మేడమ్?"

"కాదన్నా. మగవేషమే."

ఆయన చేతులు తుడుచుకుంటూ లేచాడు. "నా జన్మలో మగవేషం ఎవురూ ఇయ్యలే. వయసులో ఉన్నప్పటి నుంచీ రాణి, లేకుంటే రాణి చెలికత్తె. మీసం ఉంటాదా?"

"ఉంటుంది."

"అయితే ఈసారి మా ఇంటామె వస్తాదేమో."

లోపల్నుంచి ఆయన భార్య కాఫీ తెచ్చింది. ఆమె అంతవరకు భర్త నాటకం ఒక్కటీ చూడలేదట. పెళ్లయిన కొత్తలో ఆమె అన్నదమ్ములు "ఈయన్ని బావ అని పిలవాల్నా, అక్క అని పిలవాల్నా" అని అందరి ముందూ ఎగతాళి చేశారు. ఆయన ఆట చూడనని ఆ నాడే ఒట్టు పెట్టుకుంది. ఆయన తిరునాళ్లకు బయల్దేరితే పెట్టె సర్ది ఇచ్చేది, తాను మాత్రం కదిలేది కాదు.

సాయంత్రాలు కాలేజీ వరండాలో రిహార్సలు జరిగేది. ఆయన పుంగనూరు నుంచి బస్సులో వచ్చేవాడు. మొదటి రోజు యజమానిగా నడిచి వచ్చి నిలబడగానే చెల్లెలి వేషం వేసే అమ్మాయి కిసుక్కుమంది.

"తాతా, పైట సర్దుకుంటాండావు."

నిజమే. ఆయన చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. ఆ పిల్ల రోజూ తెల్లారి మోపెడ్ మీద పాలక్యాన్లు వేసి వచ్చే మనిషి. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడడం, అడ్డం వచ్చినవాణ్ని కసరడం ఆమె ఆయనకు నేర్పింది. ఆయన ఆమెకు గొంతు సంగతి నేర్పాడు.

"మగోని మాదిరి కనపడాలని అరిస్తే దొరికిపోతావు పాపా. ఏం దాస్తాండావో నీకు మతిలో ఉంటే సాలు."

ఒకరోజు నేను చెప్పాను, ఆ కాలంలో ఇంగ్లీషు దేశపు నాటకశాలల్లోనూ ఆడవేషాలు మగవాళ్లే వేసేవారని. ఆయన ముఖం వెలిగింది.

"అయితే ఆ దేశంలో గూడా నా మాదిరి వాళ్లు ఉండ్రి! వాళ్ల పెండ్లాలు పోయి సూసేవాళ్లా మేడమ్?"

ఏ పుస్తకంలోనూ ఆ ముక్క నాకు కనబడలేదు. తెలియదన్నాను.

మదనపల్లెలో మా కాలేజీలో వేసిన మొదటి ఆట బాగానే సాగింది. రెండోది పుంగనూరులో, ఒక బడి ఆవరణలో. ఆయన భార్య వచ్చి ముందువరసలో కొంగు బిగించి కూర్చుంది. ఆయన మీసంతో, తెల్ల పంచెతో అడుగుపెట్టాడో లేదో, ఒక ముసలమ్మ లేచి గట్టిగా అడిగింది.

"ఏమప్పా, సీర యాడ పెట్టొచ్చినావు?"

ఆవరణ గొల్లుమంది. ఆయన బిత్తరపోయాడు. మాట మరిచిపోయాడేమోనని తెర వెనుక నుంచి నేను అందివ్వబోయాను. అంతలో మీసం దువ్వి, యజమాని గొంతుతోనే అన్నాడు.

"మా ఇంటామె అడిగితే ఇచ్చేసినానమ్మా. ఇంగ దాన్ని అడుగు."

చప్పట్లు మోగాయి. భార్య తలవంచుకుంది గానీ నవ్వుతూనే ఉంది. ఆట అయిపోయాక లోపలికి వచ్చి ఆయన్ను పైనుంచి కిందికి చూసింది.

"బాగుండాది. మీసమే బాగలేదు." నా వైపు తిరిగి అంది. "నా పక్కన కూసున్నోళ్లంతా ఒగటే మాటమ్మా. సీర కడితే ఈ మనిషి ఇంకా బాగ సేస్తాడంట. ఊరంతా సూసినారు, నేను దప్ప."

ఆయన మీసం పీక్కుంటూ అటు తిరిగిపోయాడు.

మూడో ఆట కుప్పంలో. అక్క వేషం వేసే అమ్మాయికి అదే రోజు ప్రాక్టికల్స్ పడ్డాయి. ఆ వేషం ఆయన్ను వేయమన్నాను.

"మరి యజమాని ఎవురు మేడమ్?"

"నేనే."

కుప్పంలో ఆ రోజు మధ్యాహ్నం పంచె కట్టుకుని అద్దం ముందు నిలబడితే నాకే నేను కొత్తగా కనిపించాను. పక్కన ఆయన భార్య తన పెళ్లినాటి ఆకుపచ్చ పట్టుచీర పట్టుకుని నిలబడింది. ఆయనకు కట్టడానికి సాయం చేద్దామని వచ్చింది. ఆయన చకచకా కట్టేసుకుంటుంటే నోరు తెరుచుకుని చూసింది.

"కుచ్చిళ్లు నాకన్నా బాగ పెట్నాడే!"

తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే సభ అది. కుప్పం స్టేషను మాట రాగానే ఈలలు వేశారు. అక్క వచ్చాక మాత్రం నిశ్శబ్దం. ఆయన నెమ్మదిగా వచ్చి, లెక్కలు రాస్తున్న కుర్రాడి చెయ్యి పట్టుకుని మణికట్టు వెలుతురులోకి తిప్పాడు.

"ఎండలో తిరిగే సేయి ఇది. గాజులుండిన తావు మాత్రం నల్లబడలేదు. నాకు యాల సెప్పలేదు బిడ్డా?"

ఆ మాట మేము రాసింది కాదు. ఆ అమ్మాయి కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. నేను పక్కతెర దగ్గర్నుంచి ముందువరసకేసి చూశాను. ఆయన భార్య ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది.

తిరుగు ప్రయాణంలో వ్యాన్ వెనక సీట్లో ఆమె కొబ్బరినూనె గుడ్డతో ఆయన ముఖం మీది రంగు తుడిచింది. పిల్లలు నిద్రలో తూలుతున్నారు. ఆ ఇద్దరి మాటలు నాకు వినిపించాయి.

"ఇన్నేండ్లూ నన్ను యాల రమ్మనలేదు?"

"ఒట్టు పెట్టుకున్నదానివి నువ్వు గదా."

"అయినా ఒగసారి అడిగుండచ్చు."

 ఆయన ముఖం ఆమె వైపు తిప్పి కళ్లు మూసుకున్నాడు. ఆయన కనుబొమల కింద మిగిలిన రంగును ఆమె మెల్లగా తుడుస్తూ కూర్చుంది.