పాదు కట్టని తోట

మా పక్కింటి ఐరిష్ పెద్దాయన పోయారు. మంగళవారం పొద్దున మా అమ్మాయి ఆఫీసు కాల్ మధ్యలో లేచి వచ్చి, “నాన్నా, పక్కింటాయన నిద్రలోనే పోయారట. హార్ట్ అంట” అంది. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ సంగతే రాయాలని కూర్చున్నాను.

ఐర్లండ్‌లోని ఈ ములింగార్ ఊరికి, అమ్మాయి దగ్గరికి వచ్చిన కొత్తలో ఒక లావెండర్ మొక్క నాటి, మన అలవాటు కొద్దీ చుట్టూ పాదు కట్టాను. ఆయన గోడ మీంచి చూసి, “ఏంటి, వరి వేస్తున్నావా?” అన్నారు. చుట్టు తిరిగి వచ్చి బూటుకాలితో ఆ గట్టు తొక్కేశారు. కోపం వచ్చింది. ఆయన వెళ్లాక మళ్లీ కట్టాను.

చలికాలంలో మొక్క పీకి చూపించారు. పైన ఇంకా ఆకు పచ్చగానే ఉంది. వేళ్లు నల్లబడి కుళ్లు వాసన. “ఆకును నమ్మకు” అన్నారు.

మరుసటేడు దగ్గరుండి నేర్పారు. బంకమట్టి తవ్వి, అడుగున ఇటుక ముక్కలు పోసి, మట్టిలో సగానికి సగం కంకర కలిపి, మోకాలెత్తు దిబ్బ వేసి దాని నెత్తిన నాటడం. ఎరువు వేయబోతే చెయ్యి పట్టుకునేవారు. వాన వెలిసిన ప్రతిసారీ దిబ్బలో వేలు గుచ్చి, తీసి వాసన చూసేవారు. నాకూ అదే అలవాటైంది. ఇద్దరం రోజూ నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. చాలేది.

ఈ ఏడు వానలు తగ్గలేదు. ఒకరోజు ఆయన కంకర బస్తా మీద కూర్చుని బూట్ల తాళ్లు వదులు చేశారు. మేజోడు కిందికి జారింది. చీలమండ ఉబ్బి నిగనిగలాడుతోంది. అక్కడ వేలితో నొక్కారు. గుంట పడింది, పూడలేదు.

“జీపీ” అన్నాను, డాక్టరుకి చూపించుకోమని.

“గ్రాండ్, గ్రాండ్. ఏం కాదు.” వాళ్ల వంటింటి కిటికీలో ఉన్న భార్య వైపు కళ్లతో చూపించి, “ఆమెకు చెప్పకు” అన్నారు.

తలూపాను. ఆ రోజు నుంచి ముందు ఆయన కాళ్లు చూసేవాణ్ణి, తరవాతే మొక్కలు. వాపు మోకాళ్ల దాకా ఎక్కింది. వానలో చెప్పులతో రావడం మొదలుపెట్టారు. లావెండర్ మాత్రం ఎన్నడూ లేనంత బాగా పూసింది. నేను నోరు విప్పలేదు.

చివరిచూపుకి వెళ్లినప్పుడు ఆయన భార్య వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. “రోజూ మీతోనే ఉండేవారు. ఆయన కాళ్లు చూశారా?” అని అడిగారు.

అబద్ధం చెప్పడానికైనా నాకు అంత ఇంగ్లీషు రాదు. “ఎస్” అన్నాను.

ఆమె తన కప్పు పక్కన పెట్టారు.

“నేనూ చూశాను. మీకు చెప్పొద్దన్నారు.”

బయట వాన పెద్దదైంది. లావెండర్ దిబ్బల మధ్య నీళ్లు నిలిచాయి. కిటికీలోంచి ఇద్దరం చూస్తూనే ఉన్నాం. నీళ్లు మెల్లగా కంకర ఎక్కుతున్నాయి.